హంతకుడెవరో ఇంటర్వెల్‌కే తెలిసిపోతే తప్పు బడ్జెట్‌ది కాదు

చిన్న బడ్జెట్ క్రైమ్ థ్రిల్లర్ బాగోలేదనగానే వినబడే మాట ఒకటుంది: "పాపం, డబ్బుల్లేవు కదా". ఈ జాలి చాలాసార్లు అనవసరం. హంతకుడు అరగంటకే దొరికిపోవడం, ఎస్సై చట్టంలో లేని పనులన్నీ చెయ్యడం, చివరి ఇరవై నిమిషాలు విలన్ కూర్చుని తన చిన్ననాటి కష్టాలు చెప్పుకోవడం, ఇవేవీ డబ్బు లేక జరిగే తప్పులు కావు. షూటింగ్‌కి ముందే కాగితం మీద పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోదగ్గవి. డబ్బు లేక నిజంగా చెడేవి వేరే ఉన్నాయి. అందులో మొదటిది సౌండ్. అక్కడికి తర్వాత వద్దాం.

ముందు హంతకుడు ఎలా దొరికిపోతాడో చూద్దాం. కథలో క్లూ పట్టుకుని కాదు, నటుల పేర్లు చూసే పట్టేస్తాం. చిన్న సినిమాలో దాదాపు అందరూ కొత్తవాళ్లే. పోస్టర్ మీద వెయ్యడానికి, ఓటీటీ వాళ్లకి చూపించడానికి ఒక తెలిసిన మొహం కావాలి. ఆయన కాల్షీట్, అంటే షూటింగ్‌కి ఇచ్చే రోజులు, మూడు నాలుగుకి మించి కొనలేరు. దాంతో ఆయన ఏ ఫ్యామిలీ డాక్టర్‌గానో, ఏ కాలేజీ ప్రిన్సిపాల్‌గానో మొదటి అరగంటలో రెండు నిమిషాలు కనిపించి మాయమైపోతాడు. అంత పేరున్న నటుడు కేవలం బీపీ చూడ్డానికి వచ్చాడంటే ఎవరు నమ్ముతారు? కాస్త గమనించి చూస్తే కాల్షీట్ ఎన్ని రోజులో కూడా చెప్పెయ్యొచ్చు. ఆయన సీన్లన్నీ ఒకే గదిలో ఉంటాయి. చొక్కాలు రెండే. సగం మాటలు ఫోన్లోనే నడుస్తాయి. హీరోతో మాట్లాడేటప్పుడు ఇద్దరి మొహాలూ ఒకే ఫ్రేములో పడవు. ఇటు నుంచి చూస్తే ఆయన మొహం, అటు నుంచి చూస్తే ఎవరిదో డూప్ భుజం.

దీనికి మందు లేకపోలేదు. తెలిసిన నటుడిని దర్యాప్తు చేసే ఆఫీసర్‌ని చెయ్యొచ్చు, లేదా చనిపోయిన మనిషినే చెయ్యొచ్చు. శవం పాత్రకి కాల్షీట్ తక్కువ పడుతుంది, గోడ మీది ఫొటోగా, జ్ఞాపకంగా సినిమా అంతా ఉంటాడు, అనుమానం మాత్రం ఆయన మీదకి పోదు. ఇంకో దారి, ఒకే స్థాయి గుర్తింపు ఉన్న ఇద్దరిని తెచ్చి ఇద్దరికీ సమానంగా పని ఇవ్వడం. 2003లో చంద్రశేఖర్ యేలేటి తన మొదటి సినిమా 'ఐతే'లో కుర్రాళ్లందరినీ కొత్తవాళ్లనే పెట్టుకున్నాడు. డాన్ పాత్రకి హిందీ నటుడు పవన్ మల్హోత్రాని తెచ్చాడు. అందులో డాన్ ఎవరన్నది రహస్యం కాదు కాబట్టి తెలిసిన మొహం వల్ల నష్టం లేదు. ఆ కుర్రాళ్లు ఏం చెయ్యబోతున్నారన్నదే ప్రశ్న. కొత్త మొహాలు కాబట్టి వాళ్లు ఏమైనా చెయ్యగలరు, ఏమైనా అయిపోగలరు. పెద్ద హీరో ఉంటే ఆ భయం పోతుంది. చిన్న సినిమాకి ఉచితంగా దొరికే గొప్ప వసతి ఇదే, చాలామంది వాడుకోరు.

రెండో సంగతి క్లూల లెక్క. బాగా కుదిరిన థ్రిల్లర్‌లో ప్రతి ముఖ్యమైన క్లూ కనీసం రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిసారి ఇంకేదో పని మీద వస్తుంది: ఒక జోకు కోసం, ఒక గొడవ కోసం, లేదా మనిషి స్వభావం చెప్పడానికి. రెండోసారి దాని అసలు పని బయటపడుతుంది. మొదటిసారే కెమెరా దాని మీద మూడు సెకన్లు నిలబడి, వెనక 'ఢాం' అని మ్యూజిక్ పడితే అది క్లూ కాదు, దండోరా. 'దృశ్యం' పెద్ద హీరో సినిమానే గానీ పాఠం చిన్న సినిమాలకే ఎక్కువ పనికొస్తుంది. ఆ కుటుంబాన్ని కాపాడేవి బస్సు టికెట్లు, హోటల్ బిల్లు, సినిమా టికెట్లు, నలుగురు మామూలు మనుషుల జ్ఞాపకం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి ఒక్క పూట పని. సినిమాల పిచ్చి ఉన్న కేబుల్ ఆపరేటర్‌గా హీరోని ముందే చూపించారు కాబట్టి అంత తెలివి ఎక్కడిదన్న ప్రశ్నే రాదు.

రాసేవాళ్లు ఒక పట్టిక పెట్టుకుంటే సగం తప్పులు షూటింగ్‌కి ముందే దొరుకుతాయి. అడ్డంగా పాత్రల పేర్లు, నిలువుగా సీన్లు. ప్రతి గడిలో ఆ సీను అయ్యేసరికి ఆ మనిషికి ఏం తెలుసు, ఆ సమయానికి నిజంగా ఎక్కడున్నాడు అన్నవి రాసుకోవాలి. తెర మీద లేని మనిషి గడి కూడా నింపాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. తొమ్మిదో సీన్లో హంతకుడు తెర మీద లేడు, సరే, ఎక్కడున్నాడు? ఆ గడి ఖాళీగా ఉంటే క్లైమాక్స్‌లో చిల్లు పడుతుంది. ఒక మనిషి రాత్రి పదికి కూకట్‌పల్లిలో కనబడి పదీ పావుకి శంషాబాద్‌లో హత్య చేసే సినిమాలు అలాగే పుడతాయి.

తప్పుదారి పట్టించే క్లూలకీ ఒక బాధ్యత ఉంది. వాచ్‌మన్ ఓరగా చూశాడు, పనిమనిషి ఏదో దాచింది, తాగుబోతు స్నేహితుడు ఫోన్ స్విచాఫ్ చేశాడు. చివరికి వీళ్లెవరూ కాదని తేలినప్పుడు ఆ చూపు ఎందుకో, దాచింది ఏమిటో, ఫోన్ ఎందుకు ఆపాడో కూడా తేలాలి. పనిమనిషి దాచింది అమ్మగారి చెవిదుద్దులని తెలిస్తే ఆమె మనిషిగా మిగులుతుంది. ఊరికే అలా చూశాడంతే అంటే మాత్రం అది ప్రేక్షకుడి మీద చేసిన మోసం. ఇంటర్వెల్ ట్విస్టుదీ అదే బాధ. గంటా ఐదు నిమిషాల దగ్గర హీరోయిన్ చేతిలో రక్తపు కత్తి చూపించి లైట్లు వేస్తారు. సమోసా తిని వచ్చి కూర్చోగానే అది కల, లేదా టమాటా సాసు. అక్కడ పోయిన నమ్మకం మళ్లీ రాదు. నిజమైన ఇంటర్వెల్ ట్విస్టు ప్రశ్నని మారుస్తుంది. అప్పటిదాకా "ఎవరు చంపారు" అని వెతుకుతుంటే, అక్కడి నుంచి "చనిపోయింది అసలు ఎవరు" అవుతుంది.

విలన్ ఫ్లాష్‌బ్యాక్ గురించి రెండు మాటలు. ఆఖర్లో ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ అవసరం పడిందంటే, హత్యకి కారణమైన మనుషుల్నీ ఊరినీ పాత సంఘటననీ మొదటి నలభై నిమిషాల్లో ఎక్కడా నాటలేదని అర్థం. నాటి ఉంటే నాలుగు నిమిషాలు చాలు.

ఇప్పుడు పోలీసులు. ఇక్కడ మన సినిమాలు చేసే తప్పులు చూస్తే, ఏ పోలీస్ స్టేషన్లోనైనా ఒక్క పూట కూర్చుని ఉంటే సరిపోయేది కదా అనిపిస్తుంది. యూనిఫాం దగ్గరే మొదలవుతుంది. ఎస్సైకి భుజం మీద రెండు నక్షత్రాలు, సీఐకి మూడు, ఇద్దరికీ ఎరుపు నీలం రిబ్బను ఉంటుంది. డీఎస్పీకి మూడు నక్షత్రాలే గానీ రిబ్బను ఉండదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి కమిషనరేట్లలో ఆ హోదాని ఏసీపీ అంటారు, జిల్లాల్లో డీఎస్పీ. మారుమూల మండలంలో "ఏసీపీ గారొచ్చారు" అనగానే కథ ఎక్కడ జరుగుతోందో రచయితకే తెలీదని తెలిసిపోతుంది.

సెక్షన్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత), సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో బీఎస్ఏ (భారతీయ సాక్ష్య అధినియం) వచ్చాయి. ఆ తేదీ తర్వాత జరిగిన హత్యకి ఎస్సై "త్రీ నాట్ టూ" అంటే తప్పు, ఇప్పుడది బీఎన్ఎస్ 103. 2019లో జరిగే కథలో 103 అంటే అదీ తప్పే.

అన్నిటికంటే పెద్ద తప్పు నేరం ఒప్పుకోవడం దగ్గర. లాకప్‌లో నాలుగు తగిలిస్తే నిందితుడు ఒప్పేసుకుంటాడు, రికార్డు చేస్తారు, కేసు క్లోజ్. పోలీసు అధికారి ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడి మీద చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 25వ సెక్షన్, ఇప్పుడు బీఎస్ఏ 23. పోలీసుల అదుపులో ఉన్న మనిషి మేజిస్ట్రేట్ ముందు, స్వచ్ఛందంగా చెబితేనే దానికి విలువ. అయితే ఒక మినహాయింపు ఉంది, థ్రిల్లర్ రాసేవాళ్లకి అది బంగారు గని: నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడటానికి కారణమైన మేరకు ఆ మాట చెల్లుతుంది. "కత్తి పలానా బావిలో వేశాను" అన్నాడు, పంచుల (పోలీసులు పిలిచిన బయటి సాక్షుల) సమక్షంలో బావిలోంచి కత్తి తీశారు, పంచనామా రాశారు. ఇప్పుడు ఆ సీనులో ఎన్ని ప్రశ్నలు పుడతాయో చూడండి. పంచులుగా సంతకం పెట్టింది ఎవరు? కత్తిని ముందు రోజే ఎవరైనా అక్కడ వేశారా? బావి దగ్గరికి నిందితుడు దారి చూపించాడా, పోలీసులే తీసుకెళ్లారా? ఛేజింగులు, ఫైట్లు లేకుండా పది నిమిషాల ఉత్కంఠ ఇందులోనే ఉంది. మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడిగే నార్కో పరీక్ష కూడా అలాంటిదే. మనిషి ఒప్పుకోకుండా చెయ్యకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంజెక్షన్ పొడవగానే నిజాలు కక్కే సీన్లు ఇంకా ఎందుకు రాస్తున్నారో!

సీసీటీవీ దగ్గర రెండు తప్పులు. మసకగా ఉన్న నంబర్ ప్లేటుని కంప్యూటర్ మీద కొట్టగానే స్పష్టం చెయ్యడం ఒకటి. కెమెరా పట్టని వివరం ఎంత పెద్దది చేసినా గళ్లుగళ్లుగానే కనిపిస్తుంది. మూడు నెలల కిందటి ఫుటేజీ కిరాణా కొట్టులో దొరకడం ఇంకొకటి. మామూలు డీవీఆర్‌లో (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెలో) హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. డిస్కు సైజుని, కెమెరాల సంఖ్యని బట్టి చాలాచోట్ల రెండు మూడు వారాలకో నెలకో పాతది పోతుంది. "ఈ రోజు సాయంత్రానికి ఆ రాత్రి ఫుటేజీ చెరిగిపోతుంది" అన్న గడువు ఏ టైం బాంబుకీ తీసిపోదు. ఇంకా మంచిది డీవీఆర్ గడియారం. ఇంటర్నెట్‌కి కలపని డీవీఆర్‌లో టైం పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ ఉండటం మామూలే. అందుకే ఫుటేజీ తీసుకునేటప్పుడు తెర మీది టైముని అసలు టైముతో పోల్చి తేడా రాసుకోవాలి. ఆ తేడా రాయడం మర్చిపోయిన కానిస్టేబుల్ ఒకడుంటే చాలు, తిరుగులేని సాక్ష్యం అనుకున్నది తలకిందులవుతుంది. దీనికి అయ్యే ఖర్చు తెర మూల మీద నాలుగు అంకెలు.

సెల్‌టవర్ కూడా తెర మీద ఎర్రచుక్కలా ఇంటి గుమ్మం దాకా తీసుకుపోదు. కాల్ రికార్డులో వచ్చేది ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందన్నది. ఊళ్లో ఆ పరిధి కొన్ని కిలోమీటర్లు ఉండొచ్చు. హీరో ఆ పరిధిలో ఇల్లిల్లూ తిరగాల్సి రావడమే కథకి మంచిది.

శవం దగ్గరికొస్తే, డాక్టర్ వచ్చి రబ్బరు గ్లవ్స్ తీస్తూ "రాత్రి పదకొండూ ఇరవైకి చనిపోయాడు" అనడం మానుకోవాలి. డాక్టర్ చెప్పగలిగేది కొన్ని గంటల వెడల్పున్న అంచనా. చనిపోయాక శరీరం బిగుసుకోవడం కనురెప్పలు, దవడ దగ్గర మొదలై కాళ్లూ చేతుల్లోకి పాకుతుంది, మళ్లీ దాదాపు అదే వరుసలో వదులుతుంది. మన ఎండాకాలంలో ఇదంతా త్వరగా మొదలై త్వరగా అయిపోతుంది. ఏసీ గదిలో అయితే ఆలస్యం. హంతకుడు ఏసీ పద్దెనిమిదిలో పెట్టి వెళ్లాడంటే అదొక క్లూ. ఇంకోటి, గుండె ఆగాక రక్తం కిందివైపు చేరి చర్మం మీద మచ్చలా తేలుతుంది, కొన్ని గంటలకి ఆ మచ్చ స్థిరపడుతుంది. శవం బోర్లా దొరికింది, మచ్చ మాత్రం వీపు మీద ఉంది. అంటే వెల్లకిలా చాలాసేపు ఉన్నాక ఎవరో తిప్పారు. మేకప్ మనిషికి అరగంట పని, కథకి కొత్త మలుపు. క్లోరోఫాం గుడ్డ ముక్కు మీద పెట్టగానే రెండు సెకన్లలో పడిపోవడం మాత్రం సినిమాల్లోనే సాధ్యం. నిజానికి అది నిమిషాల వ్యవహారం.

ఇక డబ్బు లేకపోవడం నిజంగా తెలిసిపోయే చోటు, సౌండ్. కొంచెం వణికిన షాటుని ప్రేక్షకుడు క్షమిస్తాడు, శైలి అనుకుంటాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంటే ఐదు నిమిషాల్లో ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. చిన్న సినిమాల్లో ఎక్కువగా జరిగేది ఏమిటంటే, షూటింగ్‌లో గుర్తుకోసం పైలట్ ట్రాక్ అనే కచ్చా సౌండ్ మాత్రం తీసుకుని, మాటలన్నీ తర్వాత చిన్న గదిలో డబ్బింగ్ చెప్పిస్తారు. మాటలు శుభ్రంగా వస్తాయి, చుట్టూ ఉండాల్సిన ప్రపంచం రాదు. నిర్జనమైన గోడౌన్లో నిలబడిన మనిషి గొంతు పడగ్గదిలో మాట్లాడినట్టుంటుంది. దీనికి ఖరీదైన మందు సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే మాటల్ని సరిగ్గా రికార్డు చెయ్యడం. ఖర్చు లేని మందు కూడా ఒకటుంది: ప్రతి లొకేషన్లోనూ ప్యాకప్ చెప్పేముందు యూనిట్ మొత్తం నోరు మూసుకుని నిలబడాలి, ఆ ఖాళీ గది చప్పుడు ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి. ఫ్రిజ్ హమ్మింగ్, దూరంగా రోడ్డు, ఎక్కడో కుక్క. డబ్బింగ్ మాటల కింద దాన్ని పరిస్తే గొంతు గదిలో కూర్చుంటుంది. ఇది చెయ్యనివాళ్లే ఆ ఖాళీని రీరికార్డింగ్‌తో, అంటే నేపథ్య సంగీతంతో, నింపేస్తారు. తలుపు తీస్తే వయొలిన్లు, నీళ్లు తాగితే డ్రమ్ములు. నిజంగా భయపెట్టాల్సిన క్షణం వచ్చేసరికి పెంచడానికి వాల్యూమ్ మిగలదు.

సింక్ సౌండ్ తీయలేని కెమెరాతో కూడా పని కానిచ్చినవాళ్లు ఉన్నారు. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ 1992 నాటి 'ఎల్ మరియాచి'ని సుమారు 7,000 డాలర్లతో తీశాడు. షాటు అయ్యాక నటులతో మాటలు మళ్లీ చెప్పించి విడిగా రికార్డు చేసుకునేవాడు. ఎడిటింగ్‌లో పెదవులూ మాటా కలవని చోటల్లా ఇంకో షాటుకి కట్ చేశాడు. ఆ సినిమా వేగానికి కొంత కారణం ఆ ఇబ్బందే.

రాత్రి సీన్లు ఇంకో గండం. చీకటి అంటే లైట్లు అక్కర్లేదు అనుకుంటారు, నిజానికి చీకటికే ఎక్కువ వెలుతురు కావాలి. లైటు చాలక కెమెరా ఐఎస్ఓ (వెలుతురుని పట్టే శక్తి) పెంచితే నల్లటి చోటంతా పురుగులు పాకినట్టు నాయిస్ వస్తుంది. ఓటీటీలో కంప్రెషన్ పడ్డాక అది గళ్లుగళ్లుగా విరిగిపోతుంది, ఫోన్లో చూస్తే హీరో కూడా కనబడడు. తెలిసినవాళ్లు చేసేవి కొన్ని ఉన్నాయి. సాయంత్రం సూర్యుడు దిగాక ఆకాశంలో నీలం ఇంకా ఉన్న ఇరవై నిమిషాల్లో వైడ్ షాట్లు తీసేసుకుని, క్లోజప్పులు తర్వాత చిన్న లైటుతో తీస్తారు. ఫ్రేములోనే ట్యూబ్‌లైటో, పాన్‌డబ్బా బల్బో, బండి హెడ్‌లైటో పెట్టుకుంటారు, వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తే చీకటి నమ్మదగ్గదవుతుంది. వర్షం లేకపోయినా సినిమాల్లో రాత్రి రోడ్లు ఎప్పుడూ తడిగానే ఎందుకుంటాయంటే, ఎండిన తారు వెలుతురుని మింగేస్తుంది, తడి తారు వీధి దీపాన్ని తిరిగిస్తుంది. ఒక ట్యాంకర్ నీళ్లు రెండు పెద్ద లైట్ల పని చేస్తాయి.

షూటింగ్ రోజుల లెక్క కూడా కథలోకి దూరుతుంది. చిన్న యూనిట్ రోజుకి నాలుగైదు నిమిషాల సినిమా తీస్తేనే రెండు గంటల లోపు సినిమా పాతిక రోజుల్లో పూర్తవుతుంది. ఒక లొకేషన్ నుంచి ఇంకోదానికి సామాను మార్చడానికి సగం పూట పోతుంది. అందుకే ముప్పై చోట్ల తిరిగే కథ రాసుకుంటే ప్రతి చోటా హడావుడే; ఆరేడు చోట్ల కుదిరే కథ అయితే నటులకి రిహార్సల్ చెయ్యడానికి టైం దొరుకుతుంది. 2011లో 'దొంగల ముఠా'ని రామ్‌గోపాల్ వర్మ కెనాన్ 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో తీశాడు. ప్రచారానికి బాగానే పనికొచ్చింది గానీ, ఎన్ని రోజుల్లో తీశారన్నది టికెట్ కొన్నవాడికి సంబంధించిన విషయం కాదు. దానికి ఎదురుగా క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' (1998) పెట్టి చూడండి. ఖర్చు సుమారు 6,000 డాలర్లు. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, శనివారాలు మాత్రమే షూటింగ్, అలా దాదాపు ఏడాది. ఫిల్ము ఖరీదు కాబట్టి ముందే బాగా రిహార్సల్ చేసుకుని ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. నలుపు తెలుపు, ఎక్కువగా సహజమైన వెలుతురే. కథ ముందుకీ వెనక్కీ గెంతుతుంది, అయినా మనం తప్పిపోం. కారణం హీరో మొహం: ఒక కాలంలో పెరిగిన జుట్టు, ఇంకో కాలంలో కత్తిరించిన జుట్టు, సూటు, మరో కాలంలో వాచిన కన్ను. "ఆరు నెలల క్రితం" అని తెర మీద రాయాల్సిన పని లేకుండా పోయింది.

మన దగ్గర ఊరిని వాడుకున్న తీరు విడిగా చెప్పాలి. వంశీ 'అన్వేషణ' (1985)లో పులి చంపుతోందని అందరూ నమ్మే చావులు, అడవి, ఇళయరాజా సంగీతం. ఆ అడవే సెట్టు, ఆ అడవే అనుమానితుడు. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' డిటెక్టివ్‌ని నెల్లూరులో పెట్టింది. హైదరాబాద్‌లో ఉంటే ఇంకో థ్రిల్లర్ అయ్యేది. నెల్లూరులో కేసుల కోసం తిరిగే ప్రైవేటు డిటెక్టివ్ అనగానే నవ్వూ ఆసక్తీ రెండూ వచ్చేస్తాయి, పైగా రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాలకి ఆ నేల సరిగ్గా సరిపోతుంది.

డబ్బు ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే 'క్షణం' (2016), దాని హిందీ రూపం 'బాఘీ 2' (2018) వెంటవెంటనే చూడండి. రెండింట్లోనూ ప్రశ్న ఒకటే: తప్పిపోయిందని తల్లి చెప్పే పాప నిజంగా ఉందా, లేక అదంతా తల్లి భ్రమా? తెలుగులో హీరో మామూలు మనిషి, దెబ్బ తింటే ఆగిపోతాడు, ఎవరిని నమ్మాలో తేల్చుకోలేక తటపటాయిస్తాడు, ఆ తటపటాయింపులోనే మనమూ ఇరుక్కుంటాం. హిందీలో అతను కమాండో. ఆఖర్లో ఒక్కడే అడవిలోని శత్రువుల స్థావరం మీద పడి అందరినీ తుడిచిపెట్టేస్తాడు. ఆ పోరాటం మొదలయ్యేసరికి పాప ఉందా లేదా అన్నది ఎవరికీ గుర్తుండదు.